వదినగారి ఓటు

కనాటా,
14 సెప్టెంబరు 1998

వదినగారికి,

నిన్న మధ్యాహ్నం ఫోన్ చేసింది నేనే. మీరు “ఎవరు?” అని మూడుసార్లు అడిగి, నేను చెబుతుండగానే పెట్టేశారు. ముప్పై ఏళ్ళు పోస్టాఫీసు నడిపిన మనిషికి కాగితం మీద ఉన్నదే మాట అని మీ తమ్ముడు అంబ్రోజ్ అంటుండేవాడు. అందుకే రాస్తున్నాను.

ఈ వారంలో మీకు కంపెనీ నుంచి లావుపాటి కవరు ఒకటి వస్తుంది. పోయినేడాది వార్షిక నివేదికతో చేసినట్టు దీన్ని పొయ్యి రాజెయ్యడానికి వాడకండి. కాలిఫోర్నియాలో డ్రెస్కాట్ సిస్టమ్స్ అని ఒక పెద్ద కంపెనీ ఉంది. వాళ్ళు మన మడవాస్కా నెట్‌వర్క్స్‌ని మొత్తంగా కొంటామంటున్నారు. షేరుకు ఇరవై రెండు డాలర్లు. డిసెంబరు నాలుగున వాటాదారుల సమావేశం. మూడింట రెండు వంతుల ఓట్లు పడితేనే అమ్మకం జరుగుతుంది.

అంబ్రోజ్ పోయాక బోర్డులో ఆయన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారని మీకు తెలుసు. అమ్మడమే మంచిదని బోర్డు అనుకుంటోంది. నేనూ అలాగే అనుకుంటున్నాను. మీది చిన్న వాటా కాదు. పైగా మీ ఊళ్ళో షేర్లున్న వాళ్ళందరూ మీరు ఎటు చూస్తే అటు చూస్తారు. కాబట్టి మీరు “అవును” అన్న గడిలో గుర్తు పెట్టి పంపితే ఈ పని నెమ్మదిగా, గొడవ లేకుండా అయిపోతుంది.

చెవి మిషన్ కొత్తది పెట్టించుకున్నారా?

ఓడెట్

—

బ్యారీస్ బే,
19 సెప్టెంబరు

ఓడెట్,

నేను ఫోన్ పెట్టెయ్యలేదు. నీ గొంతు సన్నం. అది నా చెవి మిషన్‌లో పడితే కూత పెడుతుంది, కూత ఆగాలంటే ఫోన్ దూరం జరపాలి. జరిపాను. అంతే జరిగింది.

కవరు వచ్చింది. చదివాను. గుర్తు పెట్టను.

కారణం నీకు తెలియదనుకోను, అయినా చెబుతాను. కమానిస్కెగ్ సరస్సు ఒడ్డున నాన్న నాకు వదిలిన నేలంతా అమ్మి ఆ డబ్బు అంబ్రోజ్ చేతిలో పెట్టాను. అప్పటికి నువ్వు వాడి జీవితంలోకి రాలేదు. వాడు కంప్యూటర్లను ఒకదానితో ఒకటి మాట్లాడించే పెట్టె చేస్తానన్నాడు. నాకు అర్థం కాలేదు, కానీ అమ్మ పోయినప్పుడు వాడికి ఆరేళ్ళు, నాకు ఇరవై. వాడు ఏదడిగినా కాదనడం నాకు అలవాటు లేదు. ఆ పెట్టెలు ఇవాళ్టికీ మా ఊరి పాత కర్ర మిల్లు షెడ్డులోనే తయారవుతున్నాయి. ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్ళు అక్కడ కూర్చుని టంకం వేస్తున్నారు. కాలిఫోర్నియా వాళ్ళు కొన్న ఆర్నెల్లకు ఆ షెడ్డుకు తాళం పడుతుంది. ఇది తెలుసుకోవడానికి బోర్డులో కుర్చీ అక్కర్లేదు.

నీకు తొందరెందుకో కూడా తెలిసింది. విక్టోరియాలో సముద్రం కనబడే ఫ్లాటు చూసుకుంటున్నావట. చర్చి వంటగదిలో అందరికీ తెలుసు. నాకే ఆఖరున తెలిసింది.

జింకలు వచ్చి నా క్యాబేజీలు పదకొండు తినేశాయి. కంచె కట్టే మనిషి వస్తానని మూడు వారాలయింది.

రొజాలియా యాంథా

—

కనాటా,
22 సెప్టెంబరు

వదినగారికి,

విక్టోరియాలో ఫ్లాటు కొంటున్నది మా అక్క. నేను దానికి కర్టెన్లు ఎన్నుకోవడానికి వెళ్ళాను. మీ చర్చి వంటగదికి ఈ సంగతి కూడా చేరవెయ్యండి.

మీరు రాసినవాటిలో కొన్నింటికి నా దగ్గర జవాబులున్నాయి. చెప్పకూడదు. బోర్డులో విన్నది బయట ఒక్క వాటాదారుకి కూడా ముందుగా చెప్పకూడదని, అందులోనూ ఇంట్లో వాళ్ళకి అసలు చెప్పకూడదని లాయరు గిల్‌హూలీ నా చేత కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. ఇరవై ఆరేళ్ళు పిల్లలకు ఫ్రెంచి చెప్పినదాన్ని, నోరు మూసుకుని కూర్చోవడం నాకు రాదు. అయినా కూర్చుంటున్నాను.

ఒక్కటి మాత్రం రాయగలను. కాస్త ఓపిక పట్టండి. మీకు నచ్చేది ఒకటి వస్తుంది. అది వచ్చేదాకా ఊళ్ళో ఎవరికీ ఏమీ చెప్పకండి.

జింకలకు మనిషి జుట్టు వాసన పడదట. మంగలి షాపులో అడిగి తెచ్చి మడుల చుట్టూ చల్లి చూడండి.

ఓడెట్

—

బ్యారీస్ బే,
30 సెప్టెంబరు

ఓడెట్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. “మీకు నచ్చేది ఒకటి వస్తుంది, ఊళ్ళో ఎవరికీ చెప్పకండి.” ముప్పై ఏళ్ళు ఊరి ఉత్తరాలన్నీ నా చేతిమీదుగా వెళ్ళాయి. ఇలాంటి వాక్యం ఎవరు ఎవరికి ఎందుకు రాస్తారో నాకు తెలుసు. నాకు విడిగా ఎంత ఇద్దామనుకున్నారు? అంకె రాయకపోవడం ఒక్కటే నువ్వు చూపించిన మర్యాద.

నేను ఊళ్ళో చెప్పాను. పోయిన ఆదివారం ప్రార్థన అయ్యాక పారిష్ హాల్లో అందర్నీ కూర్చోబెట్టి నీ ఉత్తరం చదివి వినిపించాను. సోమవారం నుంచి గడపగడపకీ తిరుగుతున్నాను. నా తుంటి ఎముక నొప్పి సంగతి దేవుడికే తెలియాలి. “వద్దు” అన్న కాగితాలు నా వంటింటి డ్రాయరులో కట్ట కట్టి ఉన్నాయి. నావి కలిపితే మూడో వంతు దాటాయి. ఇక మీ సమావేశంలో కాఫీ తాగి ఇళ్ళకు వెళ్ళొచ్చు.

అంబ్రోజ్ ఉంటే నీ ఉత్తరం చూసి తలెత్తలేకపోయేవాడు.

మంగలి జుట్టు ఇవ్వనన్నాడు. ఎందుకని అడిగితే నవ్వాడు.

రొజాలియా యాంథా

—

కనాటా,
9 అక్టోబరు

వదినగారికి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది ఐదోది, దీన్ని చింపను.

ఇవాళ అందరికీ ఒప్పందం పూర్తి పుస్తకం పోస్టు చేశారు కాబట్టి ఇప్పుడు చెప్పొచ్చు. నలభై ఒకటో పేజీ తియ్యండి. బ్యారీస్ బే వర్క్‌షాపుని మూడేళ్ళ పాటు తెరిచే ఉంచుతామని, ఇప్పుడున్న ముప్పై ఎనిమిది మందినీ తియ్యబోమని డ్రెస్కాట్ వాళ్ళు రాసిచ్చారు. ఆ ఒక్క పేజీ కోసం ఏడు వారాలు వాళ్ళ లాయర్లతో తగువులాడాను. బోర్డులో మిగతావాళ్ళు “ఇంకెందుకమ్మా, వదిలెయ్” అని మొహం మీదే అన్నారు. “మా వదినగారు ఒప్పుకోరు” అని చెప్పాను. నిజంగా అలాగే చెప్పాను. మీకు నచ్చేది ఒకటి వస్తుందని రాసింది దీని గురించే.

మీరు దాన్ని పారిష్ హాల్లో చదివి, నేను మీకు లంచం ఇవ్వబోతున్నానని ఊరందరికీ చెప్పారు. అంబ్రోజ్ తలెత్తలేకపోయేవాడన్నారు. పన్నెండేళ్ళు ఆయనతో కాపురం చేశాను. ఆయన తల ఎప్పుడు ఎత్తేవాడో ఎప్పుడు దించేవాడో నాకు కూడా కొంచెం తెలుసు.

ఈ సోమవారం థాంక్స్‌గివింగ్ పండుగ. బాతును కాల్చుకుని ఒక్కదాన్నే తింటాను. మీరు పిలిచినా రాను. మీరెలాగూ పిలవలేదు.

ఓడెట్

—

బ్యారీస్ బే,
20 అక్టోబరు

ఓడెట్,

నలభై ఒకటో పేజీ చదివాను. నువ్వు నాకు లంచం ఇవ్వలేదని పోయిన ఆదివారం అదే హాల్లో లేచి నిలబడి చెప్పాను. అందరూ విన్నారు. నా మొహం ఎలా ఉందో హెడ్డీ షూలిస్ట్‌ని అడిగితే నీకు చెబుతుంది, వర్క్‌షాపులో మొదటి వరసలో కూర్చునేది ఆవిడే. ఇంతకుమించి నాకు క్షమాపణ చెప్పడం రాదు.

అయినా మనసు మారలేదు. భూతద్దం పెట్టి ఆ పేజీ అడుగున సన్నక్షరాలు చూశాను. “వ్యాపార పరిస్థితులు అనుకూలించినంత వరకు” అని ఉంది. నా పోస్టాఫీసును మూసినప్పుడు కూడా రాజధాని ఆటవా నుంచి వచ్చిన ఉత్తరంలో ఈ మాటే ఉంది. ఐదేళ్ళు ఉంచుతామన్నారు. పరిస్థితులు పధ్నాలుగు నెలలే అనుకూలించాయి.

ఇంకో సంగతి. వాళ్ళకు మా ఊరి ఆడవాళ్ళతో ఏం పని? వాళ్ళకు కావలసింది అంబ్రోజ్ పెట్టె. అది గని లోపలా పని చేస్తుంది, రంపపు పొట్టులోనూ పని చేస్తుంది, మైనస్ నలభైలో రైలు సిగ్నల్ గదిలోనూ పని చేస్తుంది. దాన్ని కొని ఏం చేస్తారు? ఈ నూట ఎనభై పేజీల్లో ఆ ముక్క ఎక్కడా లేదు. నువ్వు వాళ్ళతో కూర్చుని భోంచేస్తున్నావు కదా, ఈసారి సూటిగా అడుగు. పెట్టెను చేస్తారా, మానేస్తారా? ఒకే ప్రశ్న. నువ్వు టీచరువి, జవాబు చెప్పేదాకా పిల్లాణ్ణి కూర్చోనివ్వవు కదా.

బాతు ఒక్కదానివే ఎలా తిన్నావు? సగం పారేసి ఉంటావు.

రొజాలియా

—

కనాటా,
2 నవంబరు

వదినగారికి,

అడిగాను.

డ్రెస్కాట్ తరఫున వచ్చే పెద్దమనిషి పేరు ట్రెన్‌హోమ్. మర్యాదస్తుడు, తలుపు తీసి పట్టుకుంటాడు. కాలువ పక్కన హోటల్లో శుక్రవారం మధ్యాహ్నం భోజనానికి పిలిచాడు. చేప వచ్చేదాకా ఆగి అడిగాను.

“మా ఆయన పెట్టెను చేస్తారా, మానేస్తారా?”

“చాలా మంచి పెట్టె మేడమ్. మంచిది కాబట్టే కొంటున్నాం.”

“అంటే చేస్తారు.”

“ఇప్పుడు వాడుతున్న వాళ్ళకు కొన్నాళ్ళు సాయం అందిస్తాం.”

“కొన్నాళ్ళ తరవాత?”

“వాళ్ళు మెల్లగా మా పెట్టెకు మారతారు.”

“మీ దాని ధర మా దానికి మూడింతలు. ఎందుకు మారతారు?”

ఆయన ఫోర్కు కింద పెట్టి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. “అప్పటికి మీది దొరకదు కదండీ.”

వర్క్‌షాపు సంగతి అడిగితే, అది తెరిచే ఉంటుందట. అందులో కూర్చుని మీ ఊరి ఆడవాళ్ళు వాళ్ళ పెట్టెలకు మూతలు బిగిస్తారట. నేను ఏడు వారాలు పోట్లాడి సంపాదించిన పేజీ అది.

లేచి వచ్చేశాను. చేప అలాగే ఉంది. వదినా, మీరు మొదటి ఉత్తరంలోనే చెప్పింది నాకు ఇప్పటికి బుర్రకెక్కింది. నేను “వద్దు” అని ఓటు వేస్తాను. బోర్డుకు ఇవాళ పొద్దున చెప్పేశాను. గిల్‌హూలీ నీళ్ళు తాగాడు. ఇంజినీర్లలో సగం మంది నాతో ఉన్నారు. ఇకనుంచి మీరూ నేనూ ఒకే వైపు. మీరే గెలిచారు, సంతోషంగా ఉండండి.

ఓడెట్

—

బ్యారీస్ బే,
2 నవంబరు

ఓడెట్,

శుక్రవారం నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఎవరితో చెప్పుకోవాలో తెలియక నీకు రాస్తున్నాను. చూడు నా గతి.

తేదీ సరిగా వెయ్యని కాగితాలు ఐదు ఉంటే, మళ్ళీ సంతకాలు పెట్టించుకుందామని ఆ రోజు పొద్దున పది గంటల విరామం వేళకు వర్క్‌షాపుకు వెళ్ళాను. అందరూ కాఫీ తాగుతున్నారు. హెడ్డీ తన కాగితం తీసుకుంది, చూసింది, బల్ల మీద పెట్టి చేతులు కట్టుకుంది.

“రొజాలియక్కా, ఇది ఎవరి కోసం చేస్తున్నావు?”

“ఎవరి కోసమేమిటే, మీ కోసం.”

“మమ్మల్ని ఎవరన్నా అడిగారా?”

నేను సంతకం పెట్టారు కదా అన్నాను. “నువ్వు గుమ్మంలో నిలబడితే ఎవరు కాదంటారు? ఇన్నేళ్ళూ మా పింఛన్లూ మా పిల్లల ఉత్తరాలూ నీ చేత్తోనే అందుకున్నాం” అంది. తరవాత చేతులు చాపి చూపించింది. “పన్నెండేళ్ళ నుంచి టంకం వేస్తున్నాను. మధ్యాహ్నానికి ఈ వేళ్ళు ముడుచుకుపోతాయి, చెంచా పట్టుకోలేను. ఇంకో మూడేళ్ళు పని ఉంటుందని నువ్వూ ఓడెట్టూ కొట్టుకుంటున్నారు. మూడేళ్ళు చెయ్యాలా దేవుడా అని నేను ఏడుస్తున్నాను. పదేళ్ళ కిందట ఒక ఏడాది జీతాలివ్వలేక అంబ్రోజ్ మాకు షేర్లిచ్చాడు. మా ఆయన వాటిని చూసి, గోడకు అంటించుకోవే, చలికి అడ్డుంటాయి అన్నాడు. ఇవాళ వాటితో ఇంటికప్పు మార్చుకోవచ్చు, ఈ కుర్చీలోంచి లేవొచ్చు. నువ్వు వద్దంటున్నావు.”

మిగతావాళ్ళు ఏమంటారని చుట్టూ చూశాను. ఒక్కతీ తల అడ్డంగా ఊపలేదు. ఇద్దరు ముగ్గురు పడుచువాళ్ళు తప్ప అందరూ అమ్మెయ్యాలనే అనుకుంటున్నారట. నాకు చెప్పడానికి భయపడి ఊరుకున్నారు. నెల రోజులు తుంటి నొప్పితో మెట్లెక్కి దిగి నేను కాపాడింది ఎవరినో నాకే తెలియడం లేదు.

డ్రాయరులో ఉన్న కట్ట తీసి ఎవరి కాగితాలు వాళ్ళకు ఇచ్చేశాను. అమ్మేద్దాం అని నేనే అందరికీ చెప్పాను. నేను కూడా “అవును” అనే పెడతాను. నువ్వే గెలిచావు. ఈ ఒక్కసారికి ఏమీ అనకు.

రొజాలియా

—

కనాటా,
7 నవంబరు

వదినా,

మీ ఉత్తరమూ నా ఉత్తరమూ రెన్‌ఫ్రూ దగ్గర ఎక్కడో ఎదురుపడి ఒకదాన్ని ఒకటి చూసుకోకుండా వెళ్ళిపోయి ఉంటాయి.

మీతో నాకు తల ప్రాణం తోకకొచ్చింది. సెప్టెంబరు నుంచి నన్ను తిట్టి, ఊరి ముందు దులిపి, భూతద్దాలు పెట్టి, చివరికి ఎలాగో ఒప్పించారు. ఒప్పించి మీరు అవతలి వైపుకు వెళ్ళి కూర్చున్నారు. నేను బోర్డు ముందు లేచి, వద్దని చెప్పేశాను. ఇప్పుడు లెక్క చూస్తే, మీరంతా అవునన్నా, నా వాటా పడకపోతే అమ్మకం ఆగిపోతుంది. అంటే మీ హెడ్డీ వేళ్ళు ఇక నా పూచీ అన్నమాట. మీరు హాయిగా చేతులు దులుపుకున్నారు.

అనొద్దన్నారు, అనేశాను. క్షమించండి.

మీకు ఎప్పుడూ చెప్పనిది ఒకటి చెబుతాను. ఆ పెట్టె మీద నాకు ఏ మమకారమూ లేదు. పన్నెండేళ్ళు అది మా ఇంట్లో సవతిలా తిరిగింది. భోజనాల బల్ల మీద అదే, సెలవులకు వెళితే కారు వెనక సీట్లో అదే. ఒకసారి చలికి తట్టుకుంటుందో లేదో చూడాలని దాన్ని నా ఫ్రీజరులో పెట్టాడు, నా బటానీలు తీసి బయట పడేశాడు. ఆయన పోయాక ఇక దాని మొహం చూడనక్కర్లేదని మొదట్లో కొంచెం ఊరట కూడా పడ్డాను. ఇప్పుడు ఎవరో కొని దాన్ని గొంతు పిసికేస్తారంటే నాకు ఎందుకింత మంట? ఆ ట్రెన్‌హోమ్ మొహం తలుచుకుంటే ఇంకా ఒళ్ళు మండుతోంది.

ఏం చెయ్యమంటారు? దయచేసి ఈసారి ఒకే జవాబు రాయండి, దాని మీదే నిలబడండి.

ఓడెట్

—

బ్యారీస్ బే,
23 నవంబరు

ఓడెట్,

ఆలస్యమైంది. జవాబు రెండు వారాలు వెతికాను. దొరకలేదు.

నీ ఉత్తరం చదివాక హెడ్డీని ఇంటికి పిలిచి, కాలిఫోర్నియా వాళ్ళు పెట్టెను ఆపేస్తారట అని చెప్పాను. “పాపం అంబ్రోజ్” అంది. ఆ తరవాత “అయినా నా వేళ్ళు నావే కదక్కా” అంది. రెండు మాటలూ నిజమే. ఏ మాట ఏ మాటను కొట్టేస్తుందో తేల్చుకోవడం నా వల్ల కాలేదు.

ఇక్కడ మంచు మోకాలి దాకా పడింది. డాక్టరు నన్ను ప్రయాణం చెయ్యొద్దన్నాడు, మామూలుగా అయితే వినేదాన్ని కాదు. ఈసారి వింటున్నాను. ఆ సమావేశం హాల్లో నిలబడే ఓపిక నాకు లేదు. నా ఓటు కాగితం దీంతో పంపుతున్నాను. సంతకం పెట్టాను, తేదీ వేశాను, నా బదులు ఓటు వేసే మనిషి అన్న చోట నీ పేరు రాశాను. “అవును”, “వద్దు” అన్న గడులు రెండూ ఖాళీగా వదిలేశాను. నీకు ఏది తోస్తే అది పెట్టు. నన్ను మళ్ళీ అడగకు, నువ్వు ఏది పెట్టినా నేను మాట అనను.

నేను ఎవరి చేతికీ ఇలా ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వలేదు. బ్యాంకు వాళ్ళకు కూడా.

పుట్టగొడుగుల పచ్చడి రెండు సీసాలు హెడ్డీతో పంపుతున్నాను, సమావేశానికి వస్తోంది. దుకాణంలో కొన్నట్టు ఉండదు, ఉప్పు ఎక్కువ.

రొజాలియా

—

కనాటా,
5 డిసెంబరు

వదినా,

నిన్నటి సంగతి ఇంకెవరో మీకు చెప్పకముందే నేను రాయాలి. ఎలాగూ హెడ్డీ ముందే చెప్పేసి ఉంటుంది.

మీ వాళ్ళు స్కూలు బస్సులో వచ్చారు. ముప్పై మందికి పైగా ఉన్నారు, అందరూ చర్చికి వేసుకునే కోట్లు వేసుకున్నారు. హోటలు వాళ్ళు బల్లలపై పెట్టిన బిస్కెట్లను ఎవరూ ముట్టుకోలేదు. ముందు ట్రెన్‌హోమ్ అరగంట మాట్లాడాడు. తరవాత అంబ్రోజ్‌తో మొదటి నుంచీ పని చేసిన ఇంజినీరు నార్మన్ లేచి, పెట్టెను ఆపేస్తారా అని అడిగాడు. ట్రెన్‌హోమ్ “అన్ని అవకాశాలూ పరిశీలిస్తాం” అన్నాడు. నార్మన్ “నాకు జవాబు వచ్చింది” అని కూర్చున్నాడు. తరవాత మీ హెడ్డీ లేచింది.

“చెక్కులు ఎప్పుడొస్తాయండీ?”

కొందరు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. “నవ్వుతారేం? పదేళ్ళ కిందటి జీతం అడుగుతున్నాను” అంది. ట్రెన్‌హోమ్ కళ్ళు దించుకున్నాడు.

నా చేతిలో రెండు కాగితాలున్నాయి, నాదీ మీదీ. పెన్ను తీశాను, మూత పెట్టాను, మళ్ళీ తీశాను. నా ముందు వరసలో ఒకావిడ ఓటు కాగితం నింపుతోంది. పెన్నును వేళ్ళతో పట్టుకోలేక పిడికిలితో పట్టుకుని గీస్తోంది. ఆవిడ పేరు కూడా నాకు తెలియదు. అది చూశాక నా కాగితం మీద “అవును” అని పెట్టేశాను. దానికి ఎక్కువసేపు పట్టలేదు.

మీ కాగితం మీద “వద్దు” అని పెట్టాను.

ఆగండి, కాగితం నలిపెయ్యకండి. నాది పడ్డాక అమ్మకం ఖాయమైపోయింది. మీది ఎటు పడినా ఎవరికీ నష్టం లేదు. డెబ్భై ఒక్క శాతంతో గెలిచింది. పెద్ద వాటాదారుల ఓట్లు పేరుపేరునా చదివి పుస్తకంలో రాసుకుంటారు. ఆ పుస్తకంలో, అంబ్రోజ్ చేసిన వస్తువును ఆపెయ్యడానికి అతని ఇంటివాళ్ళందరూ సరేనన్నారని ఉండిపోవడం నాకు నచ్చలేదు. యాంథా అన్న పేరు పక్కన ఒక్క “వద్దు” అయినా ఉండాలనిపించింది. నాకు ఆ పేరు పెళ్ళితో వచ్చింది. మీది పుట్టుకతో వచ్చింది. అందుకని మీది వాడుకున్నాను.

మాట అననన్నారు. అనండి, పడతాను.

ఓడెట్

—

బ్యారీస్ బే,
12 డిసెంబరు

ఓడెట్,

మాట అననని రాసింది నిజమే. అప్పుడు నువ్వు ఇలా చేస్తావని తెలియదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక మెట్ల మీదే హెడ్డీ నన్ను పట్టుకుంది. “ఇదేం పద్ధతక్కా? మా అందరి చేతా అవుననిపించి నువ్వు వద్దన్నావా? ముందు మా కాగితాలు లాక్కున్నావు, తరవాత మాకే ఎదురు తిరిగావు. నీ లోపల ఏముందో ఆ దేవుడికైనా తెలుసా?” అంది. ఫాదర్ వింటున్నాడు. కంచె కట్టే మనిషీ వింటున్నాడు, వీడు మాత్రం అన్ని చోట్లా ఉంటాడు, నా పెరట్లో తప్ప.

“అవునే, నేనే పెట్టాను. నా ఓటు నా ఇష్టం” అన్నాను.

నువ్వు పెట్టావని చెప్పలేదు. చెబితే అందరూ నీ మీద పడతారు. నీ పక్కన నిలబడడానికి ఈ ఊళ్ళో నీకు ఎవరున్నారు? నేనైతే వాళ్ళకు అలవాటైన మనిషిని. రెండు నెలల్లో మరిచిపోతారు, ఇంటి కప్పులు వేయించుకునే హడావిడిలో అంతకంటే ముందే మరిచిపోతారు.

ఇంటికొచ్చి నీ మీద గట్టిగా కోప్పడ్డాను. ఒక్కదాన్నే ఉన్నాను కాబట్టి పైకే తిట్టాను. తిట్టి తిట్టి కూర్చున్నాక ఆలోచన వచ్చింది. నేనే ఆ హాలుకు వచ్చి ఉంటే ఏం పెట్టేదాన్ని? “అవును” అనే పెట్టేదాన్ని. హెడ్డీకి మాటిచ్చాను కదా. పెట్టి ఇంటికొచ్చి, బతికినన్నాళ్ళూ అంబ్రోజ్ ఫోటో ముందు నుంచి తల దించుకుని నడిచేదాన్ని. నా నోటితో అనలేని మాటను నువ్వు నా పేరుతో అన్నావు. నీకు అది ఎలా తెలిసిందో నాకు తెలియదు. వాడు చెప్పి ఉంటాడు అనుకుంటాను. ఇక దీని గురించి రాయను.

గురువారం వర్క్‌షాపుకు వెళ్ళి ఒక పెట్టె కొన్నాను. ఊరికే తీసుకెళ్ళమన్నారు, ఒప్పుకోలేదు. ఎందుకు కొన్నానని అడగకు, ఇన్నేళ్ళలో నా ఇంట్లో ఒకటి కూడా లేదని అప్పుడు తట్టింది. దాన్ని తగిలించడానికి నా దగ్గర కంప్యూటరు లేదు. వంటింట్లో రేడియో పక్కన పెట్టి కరెంటు ఇచ్చాను. దీపాలన్నీ వరసగా ఒక్కసారి వెలిగి ఆరిపోయాయి. ఒకటి మాత్రం పచ్చగా మిణుకుమిణుకుమంటూ ఉండిపోయింది. పాడైందేమోనని హెడ్డీని పిలిచాను. ఇంకా నాతో సరిగా మాట్లాడడం లేదు, అయినా వచ్చి చూసింది.

“ఏం పాడవలేదు. అవతల ఎవరన్నా ఉన్నారేమోనని చూస్తోంది” అంది.

“ఎంతసేపు చూస్తుంది?”

“తీసేదాకా.”

ఇవాళ్టికి మూడో రోజు, తీసెయ్యబుద్ధి కావడం లేదు. ఇలా పెట్టి ఉంచితే నెలకు కరెంటు ఎంత కాలుతుందో నీకు తెలిసే ఉంటుంది. రాయి.

రొజాలియా